తాతగారి ఆరు శ్రుతి

మా ముత్తాతగారు రెండు గ్రామాలకు మునసబు. తెనాలి నుంచి రేపల్లె వైపు పారే కాలవకు ఎడమ పక్కన, రోడ్డు మీంచి చూస్తే ఎంత మాగాణి కనిపిస్తుందో అంతా ఒకప్పుడు ఆయనది. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, మద్రాసు వెళ్ళి చదువు సగంలో ఆపి, ఒక గ్రామఫోను కొనుక్కుని తిరిగి వచ్చారు. ఆ చుట్టుపక్కల పాడే మర ఉన్న మొదటి ఇల్లు మాది. పెద్ద అధికారులు మకాం చేస్తే మా ఇంట్లోనే భోజనం చేసేవారని మా నాన్నగారు చెప్పేవారు. నాన్నగారి వంతుకు చెప్పుకోవడం మిగిలింది. నా వంతుకు ఆ గ్రామఫోను, ఒక పెట్టెడు రికార్డులు, నిటారుగా కూర్చునే అలవాటు మిగిలాయి.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. కొంత గొప్పకే చెబుతున్నాను గాని, అసలు కారణం వేరు. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ గ్రామఫోను దగ్గరే మొదలైంది.

ముప్పై నాలుగేళ్ళు తెనాలిలో ఒక ఆర్కెస్ట్రాలో పనిచేశాను. మొదట హార్మోనియం, తర్వాత కీబోర్డు. పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు, పదవీ విరమణ సభలకు సినిమా పాటలు వాయించడం మా పని. మా బంధువులు దీన్ని ఉద్యోగం అనరు. "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడిగి, నేను చెప్పేలోగా కాఫీ తెమ్మని లోపలికి కేకేసేవారు.

ఇవాళ మీరు పాత పాటను మీ పద్ధతిలో పాడి ఫోన్లో పెడుతున్నారు. దానికి కవర్ సాంగ్ అని పేరు. కొన్ని అసలు పాటకు దీటుగా ఉంటున్నాయి, విన్నాను. మా రోజుల్లో ఆ పేరు లేదు, ఆ స్వేచ్ఛా లేదు. మమ్మల్ని పిలిచినవాళ్ళు అడిగేది ఒకటే, రికార్డులో ఉన్నట్టు ఉందా లేదా అని. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యసంగీతాన్ని మేం బిట్టు అంటాం. బిట్టులో ఒక స్వరం తేడా వస్తే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తల అడ్డంగా ఊపేవాడు.

కొత్త పాటలు అందరికీ క్యాసెట్లలో దొరికేవి. పాత పాటలకు మాత్రం మా ఆర్కెస్ట్రాలో ప్రమాణం నేనే. ఎందుకంటే అసలు రికార్డులు మా ఇంట్లో ఉన్నాయి. ఆ మరను ఎవరూ ముట్టుకోకూడదని తాతగారి ఆజ్ఞ. తాళం తిప్పి, ముల్లు పెట్టి, వినాలి. అంతే. పక్కన ఉన్న చిన్న మీటను తాతగారు పెట్టిన చోటి నుంచి యాభై ఏళ్ళు ఎవరూ కదపలేదు. నేను దాని ముందు కూర్చుని ఒక్కొక్క స్వరమే రాసుకుని పాటలు దింపేవాణ్ణి.

అందులో ఒక పాట మా ఆర్కెస్ట్రాకు పేరు తెచ్చింది. పడవ కోసం రేవులో ఎదురుచూసే భార్య పాడే పాట. పల్లవి అయ్యాక వయొలిన్ బిట్టు ఒకటి ఉంటుంది. మెట్లు దిగినట్టు దిగి దిగి, అట్టడుగు షడ్జమం మీద ఆగుతుంది. చరణంలో గాయని తారస్థాయి పంచమం పట్టుకుని నిలబడాలి. మా రికార్డులో ఆ పాట ఆరు శ్రుతి; అంకె పెరిగేకొద్దీ గొంతు అంత పైకి లేవాలి. కాబట్టి మా ఆర్కెస్ట్రాలో కూడా ఆరే. ఆ పంచమం దగ్గర ఎంతమంది అమ్మాయిలు గొంతు పట్టుకున్నారో లెక్క లేదు. పాడలేనివాళ్ళకు నేను వేరే పాట ఇచ్చేవాణ్ణి. శ్రుతి మాత్రం దించలేదు.

మా ఆర్కెస్ట్రా యజమాని తబలా వాయించేవాడు. తెనాలి ముస్లిముల కుటుంబం, నా ఈడువాడు, నన్ను "దొరా" అని పిలిచి ఏడిపించే హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషి. ఒకరోజు తన ఫోన్లో ఆ పాట పెట్టి నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఇదేంటి దొరా, ఐదులో ఉంది?"

"ఎవరో ఎక్కించేటప్పుడు దిగిపోయి ఉంటుంది."

"నాలుగు చోట్ల విన్నా. నాలుగూ ఐదే."

"నలుగురూ ఒకరి దగ్గర ఒకరు దొంగిలించి ఉంటారు. మా ఇంట్లో అసలు రికార్డు ఉంది."

"అవునవును, మీ ఇంట్లో ఉంది," అన్నాడు. తబలా మీద గుడ్డ కప్పి టీ తాగడానికి కిందికి వెళ్ళాడు. నాతో వాదించడం కంటే అతనికి టీ ఇష్టం.

చివరి పదేళ్ళలో మాకు పాడింది రేపల్లె వైపు నుంచి వచ్చే ఒక టీచరు. లూథరన్ చర్చిలో పాడుతూ పెరిగిన పిల్ల. వాళ్ళ పేట మా ఊరి కాలవకు అవతలి గట్టున. వాళ్ళ నాయనమ్మ మా పొలాల్లో నాట్లు వేసేది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె నన్ను "సార్" అనేది, తబలా అతన్ని "బాబాయ్" అనేది. ఆ తేడా నాకు సబబుగానే తోచేది.

ఆమె ఆరు శ్రుతిలో ఆ పాట ఏళ్ళ తరబడి పాడింది. ఒక శనివారం ప్రాక్టీసుకు వచ్చి, పాడకుండా మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చుంది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళానండి. గొంతులో చిన్న కాయ లేచిందంట. పై స్వరాలు తగ్గించమన్నాడు. ఇట్టాగే పాడితే ఆపరేషనే అంటున్నాడండి. చేసినా గొంతు మునుపట్లా ఉంటదని చెప్పలేడంట."

"మరి పాడకు కొన్నాళ్ళు," అన్నాను.

"పాడకుండా ఉండలేనండి. బళ్ళో పాఠం చెప్పే గొంతు కూడా ఇదే కదండి. మిగతా పాటలకి ఇబ్బంది లేదు. ఆ ఒక్క పాట, ఐదుకి దించితే సరిపోద్దండి. మీ కీబోర్డులో ఒక్క బటన్ నొక్కితే అయిపోద్ది కదా సార్."

బటన్ నొక్కడం నిజానికి క్షణం పని. కాని పాటను శ్రుతి దించి పాడడం మా ఇంటా వంటా లేదన్నాను. ఆమె తలవంచుకుంది. తబలా అతను సుత్తితో తబలా అంచు మీద అవసరం లేకపోయినా రెండు దెబ్బలు వేశాడు.

ఆ వారంలోనే బాపట్ల నుంచి పిలుపు వచ్చింది. మద్రాసు స్టూడియోల్లో నలభై ఏళ్ళు వయొలిన్ వాయించిన ఒక పెద్దాయన, కూతురి దగ్గర ఉందామని బాపట్ల వచ్చి స్థిరపడ్డారు. ఊళ్ళోవాళ్ళు ఆయనకు సన్మానం చేస్తున్నారు. ఆయన వాయించిన పాటలు కొన్ని మేం వినిపించాలి. వాళ్ళు పంపిన జాబితాలో మొదటి పాట పడవ పాట. మా రికార్డులో ఉన్న ఆ వయొలిన్ బిట్టు ఆ పెద్దాయనదే.

అసలు వాయించిన మనిషి ముందు కూర్చుని, ఆయన బిట్టును స్వరం పొల్లు పోకుండా నేను వాయిస్తాను. ముప్పై ఏళ్ళ నా పనికి అంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది? ప్రాక్టీసులో ఆమెతో స్పష్టంగా చెప్పాను.

"ఆ రోజు ఆరులో పాడాలి. ఆ తర్వాత నీకు కావలసినన్ని నెలలు విశ్రాంతి తీసుకో. దించి పాడితే మాత్రం నా పక్కన నీకు అదే ఆఖరి కచేరీ."

"సరేనండి," అంది. దేనికి సరే అందో నేను అడగలేదు.

ఆదివారం ఆమె చర్చి అయ్యాక తెనాలి వచ్చింది. చిన్న హాలు కాబట్టి ముగ్గురమే ప్యాసింజరులో బాపట్ల వెళ్ళాం. సాయంత్రం నాలుగింటికి సభ. పెద్దాయన తెల్ల చొక్కా, తెల్ల పంచె, మెడలో అప్పటికే మూడు దండలు. ముందు వరసలో కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నారు. నేను నిటారుగా కూర్చుని ఆరు శ్రుతి ఇచ్చాను.

ఆ పాట మొదట్లో వాద్యాలు ఉండవు. ఒక చిన్న ఆలాపన, గొంతు ఒక్కటే. ఆమె నేనిచ్చిన శ్రుతిని ఒక్క క్షణం విని, కళ్ళు మూసుకుని ఐదులో ఎత్తుకుంది.

పొరపాటున జారిందనుకున్నాను. ఇంతలో తబలా మొదటి దెబ్బ పడింది. అది కూడా ఐదే. తబలాను అప్పటికప్పుడు వేరే శ్రుతికి దించడం కుదరదు, సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ ముందే చేసి ఉంచుకోవాలి. అంటే ఇద్దరూ అనుకునే వచ్చారు.

నాకూ దారి ఉంది. బటన్ నొక్కి వాళ్ళతో కలవవచ్చు. నేను అలా చేయలేదు. రెండు చేతులూ కీబోర్డు మీంచి పైకి తీసి, సభలో అందరికీ కనిపించేలా, ఒళ్ళో పెట్టుకున్నాను. కచేరీ మధ్యలో తోటి కళాకారిణిని అలా వదిలేయడం మా పనిలో చేయకూడని పనుల్లో మొదటిది. ఎన్నో ఏళ్ళు కుర్రవాళ్ళకు ఆ మాట చెప్పినవాణ్ణి నేనే.

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. ఆపలేదు. పాటను ఇంకా నిదానం చేసింది. తబలా అతను వేళ్ళ కొసలతో మాత్రమే వాయిస్తూ ఆమె వెనకే నడిచాడు. పల్లవి అయింది. వయొలిన్ బిట్టు రావలసిన చోటు వచ్చింది. అక్కడ ఏమీ లేదు. ఆ ఖాళీలో ఆమె నోరు మూసుకుని చిన్నగా ఒక్క కూనిరాగం తీసింది, ఊపిరి తీసుకుంది, అంతే. పడవ ఇంకా రాలేదని ఆ ఖాళీ చెప్పినట్టు మా రికార్డు ఎప్పుడూ చెప్పలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నా చెవులు కోపంతో వేడెక్కి ఉన్నాయి. చరణంలో తారస్థాయి పంచమం ఆమె గొంతులో బిగుతు లేకుండా, దీపం ఎత్తి చూపినట్టు నిలబడింది.

పాట అయ్యాక పెద్దాయన చప్పట్లు కొట్టలేదు. చెయ్యి ఊపి ఆమెను దగ్గరికి రమ్మన్నారు.

"ఈ పాట ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా నాయనమ్మ దగ్గరండి."

"ఆవిడ ఎక్కడ నేర్చుకుంది?"

ఆమె నా వైపు చూసి, కాస్త తడబడింది. "సార్ వాళ్ళ ఇంట్లో గ్రామఫోను ఉండేదండి. మడిలో నాట్లేస్తా వినేదంట. పాట వినపడేది గానీ వయొలిన్ అంత దూరం వచ్చేది కాదంటండి. అందుకని అక్కడ ఊరికే ఊపిరి తీసుకునేది. నాట్లకి తగ్గట్టు నిదానంగా పాడేది. నాకు మొదట వచ్చింది ఆ పాటేనండి. రికార్డు సంగతి తర్వాత సార్ నేర్పారు."

పెద్దాయన నవ్వారు. "పొద్దున్నించి సాయంత్రం దాకా పద్నాలుగుసార్లు వాయించానమ్మా ఆ బిట్టు. మీ నాయనమ్మ మడి దాకా కూడా రాలేదన్నమాట."

నేను కుర్చీలోంచి లేచి వెళ్ళాను. మా వంశంలో తప్పు ఎదురుగా కనబడుతుంటే ఊరుకున్నవాళ్ళు లేరు.

"క్షమించాలండి. ఇవాళ శ్రుతి తప్పింది. అసలు పాట ఆరు."

"అసలు పాట ఐదండి," అన్నారాయన నెమ్మదిగా. "నా బిట్టు చివర ఎక్కడ ఆగుతుంది?"

"అట్టడుగు షడ్జమం మీద."

"అది నా వయొలిన్లో అన్నిటికంటే లావు తీగ. వేలు పెట్టకుండా, ఖాళీగా మోగించాను. ఆ తీగ ఐదండి. మద్రాసులో మేమంతా అలాగే కట్టుకునేవాళ్ళం. ఆరైతే వేలు పెట్టాలి. నేను పెట్టలేదు. ఎంత ముసలాణ్ణయినా అది మరిచిపోను." ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించారు. "బాబూ, మీ మర కొంచెం తొందరపడుతోందేమో, ఒకసారి చూసుకోండి."

తర్వాత ఆమెతో అన్నారు, "శ్రుతి మాదే గాని పాట మాది కాదమ్మా. మేం పాడించినప్పుడు ఇంత ఓపిక ఎవరికీ లేదు. అక్కడ నా బిట్టు లేకపోవడమే బాగుంది."

తిరుగు రైలెక్కాం. పొలాలు వెనక్కి పోతున్నాయి.

"ఆరు శ్రుతి తబలా ఏమైంది?" అని అడిగాను చివరికి.

"ఇంట్లో వదిలేసొచ్చా," అన్నాడు తబలా అతను. "సుత్తి కూడా వదిలేశా. దగ్గరుంటే నీకు భయపడి కొట్టేస్తానేమోనని."

"నాకు ముందే చెప్పి ఉండవచ్చు."

"పదేళ్ళ నుంచి చెప్తానే ఉన్నా గదా దొరా."

తెనాలిలో దిగాక, రేపల్లె బండి ఎక్కే ముందు ఆమె నా దగ్గరికి వచ్చింది. "ఇక రావద్దా సార్? మీరు అన్నారు కదండి."

నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. నిటారుగా నిలబడ్డాను. ఆమె ఒక క్షణం చూసి, తల ఊపి, బండి ఎక్కింది.

మర్నాడు పొద్దున గ్రామఫోను ముందు కూర్చున్నాను. రికార్డు మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం మీద చిన్న తెల్ల ముక్క అతికించి, చేతి గడియారం పక్కన పెట్టుకుని, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిది తిరగాలి. ఆ రికార్డులు చేసిందే ఆ వేగానికి. ఎనభై ఏడు వచ్చింది. తాళం మళ్ళీ తిప్పి లెక్కపెట్టాను. ఎనభై ఏడు. మూడోసారీ అంతే. మర ఎంత వేగంగా తిరిగితే పాట అంత పైకి లేస్తుంది. ఐదు ఆరవుతుంది. కీబోర్డు వాయించేవాడికి తెలియని సంగతి కాదు. తాతగారి మర మీద అనుమానపడడమే నాకు చేతకాలేదు.

వేగం మార్చే ఆ చిన్న మీటను కదిపాను. తుప్పు పట్టి ఉంది, కొబ్బరినూనె చుక్క వేస్తే జరిగింది. మళ్ళీ ముల్లు పెట్టాను. గాయని ఐదులో పాడింది, హడావుడి లేకుండా. పుట్టి బుద్ధెరిగాక ఆమె అసలు గొంతు వినడం అదే మొదటిసారి. వయొలిన్ దిగి దిగి, వేలు పెట్టని తీగ మీద ఆగింది.

తర్వాతి శనివారం టీచరు ప్రాక్టీసుకు రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. "వేరే అమ్మాయిని చూడమంటావా?" అన్నాడు తబలా అతను, నా మొహం చూడకుండా.

మూడో శనివారం గ్రామఫోనును దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, కాలవ దాటి వాళ్ళ పేటకు వెళ్ళాను. మా ఇంట్లోవాళ్ళు కాలవ అవతలి నుంచి పనివాళ్ళను పిలిపించారు గాని, తాము వంతెన దాటిన సందర్భం నాకు తెలియదు. ఆమె గుమ్మంలోకి వచ్చి నన్నూ దుప్పటి మూటనూ చూసి, "రండి సార్," అని కుర్చీ తుడిచింది. నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి.

"ఎవరే?"

"సారు, నాయనమ్మా. మునసబుగారి ఇంటి నుంచి."

"చిన్నబాబుగారా? మీరొచ్చారేంటి బాబూ, కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం కదా."

దుప్పటి విప్పాను. తాళం తిప్పి, సరిచేసిన వేగంతో పడవ పాట పెట్టాను. ముసలావిడ చెవి అటు పెట్టి వింది. వయొలిన్ బిట్టు వచ్చినప్పుడు, "ఇదేంటి మధ్యలో?" అని మనవరాలిని అడిగింది. పాట అయ్యేదాకా విని, తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు బాబూ. మీ తాతగారు పెట్టే పాట ఇంకా హుషారుగా ఉండేది. ఇదేదో నీరసంగా ఉంది."

మనవరాలు నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వు వచ్చింది. మా వంశంలో అలా గట్టిగా నవ్వరు.

మీటను తాతగారు పెట్టిన చోటికి జరిపి మళ్ళీ పెట్టాను. పాట ఆరు శ్రుతిలో పరుగెత్తింది. ముసలావిడ తృప్తిగా కళ్ళు మూసుకుంది. వింటూ వింటూ తన పాట తాను ఎత్తుకుంది, దాని కంటే కిందుగా, దాని కంటే నిదానంగా, గ్రామఫోనుతో ఏ సంబంధమూ లేకుండా. రికార్డు అయిపోయి ముల్లు గీరుకుంటున్నా ఆవిడ ఇంకా మొదటి చరణంలోనే ఉంది.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మనవరాలితో అన్నాను, "వచ్చే శనివారం ప్రాక్టీసు ఉంది. ఐదులోనే."

"బటన్ నొక్కుతారా సార్?"

"అక్కర్లేదు. ఐదులో వాయించడం నేర్చుకుంటున్నాను."

ఆమె వచ్చింది. మొదటి రోజే ఒక కోరిక కోరింది. "ఆ బిట్టు మాత్రం వాయించకండి సార్. అక్కడ నాకు ఖాళీ కావాలండి." ముప్పై ఏళ్ళు నేను గర్వపడిన బిట్టు అది. సరేనన్నాను. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఎన్ని ఊళ్ళలో ఆ పాట వాయించామో. ప్రతిసారీ పల్లవి అయ్యాక నేను రెండు చేతులూ కీబోర్డు మీంచి పైకి తీసి ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. హాలంతా నిశ్శబ్దం అయ్యేది. ఆమె చిన్నగా కూనిరాగం తీసి, ఊపిరి తీసుకునేది. నా చేతులు అలా తీయడం ఒక గొప్ప పద్ధతి అని నిజాంపట్నంలో ఒకాయన నన్ను మెచ్చుకున్నాడు కూడా. పక్కనే ఉన్న తబలా అతను దగ్గొచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

ఆపరేషను అవసరం రాలేదు. ఆమె ఇప్పటికీ బళ్ళో పాఠం చెబుతోంది, రేపల్లె చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతోంది. నాయనమ్మ కాలం చేసింది. బాపట్ల పెద్దాయన కూడా వెళ్ళిపోయారు.

కాలవ పక్క మాగాణి మా తాతగారి హయాంలోనే పోయింది. ఇల్లు నాన్నగారి వైద్యానికి పోయింది. గ్రామఫోనునూ రికార్డుల పెట్టెనూ, పాటకు కొలతగా ఇక అవి అక్కర్లేదనిపించి, పోయిన వేసవిలో తెనాలి స్టేషను దగ్గర పాతసామాన్లు కొనే ఆయనకు అమ్మేశాను.